కీళ్ళవాతంతో మేడ మీద తోట: నేను చేసిన తప్పులు, ఇప్పటి నా పద్ధతి

మీరు అడిగింది ఇదీ: వయసు 36, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి రెండేళ్ళయింది. పెదవాల్తేరులో ఉంటున్నారు, మేడ మీద కూరగాయలు పెంచాలని ఉంది. చేతులు సహకరిస్తాయా, మధ్యలో మంచాన పడితే మొక్కల గతేంటి అని మీ భయం. పైగా ఇంట్లోవాళ్ళు "ఒళ్ళు బాగోలేదంటూనే ఇవన్నీ ఎందుకు" అంటున్నారు.

నాకు 53. ఇదే జబ్బు 2012లో బయటపడింది. మాదీ మీ విశాఖే, మర్రిపాలెం. లెక్కల టీచర్‌గా చేసి, చాక్‌పీసు పట్టుకోలేక మానేశాను. డాక్టర్ని కాను కాబట్టి మందుల విషయంలో మీ డాక్టర్ మాటే మాట. తోట విషయం నేను చెప్పగలను.

పెంచొచ్చు. కాకపోతే నేను మొదలుపెట్టినట్టు మాత్రం మొదలుపెట్టకండి.

2013 చలికాలం. మందు పట్టింది, వేళ్ళ వాపు తగ్గింది, ఆర్నెల్ల తర్వాత నా జడ నేనే వేసుకున్నాను. ఆ ఊపులో నలభై గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) కొనేశాను. ఎర్రమట్టి తెప్పించి గేటు దగ్గర పోయించాను. మోయడానికి మనిషిని పెడితే డబ్బు దండగ అనుకుని, బకెట్లతో నేనే రెండంతస్తులు ఎక్కించాను. మూడు రోజులు మోశాను. నాలుగో రోజు పొద్దున్న టూత్ బ్రష్ పట్టుకోలేకపోయాను. ఐదు వారాలు మంచం మీదే. మా ఆయన షిఫ్టు డ్యూటీలో ఉండేవారు, పిల్లలకి పరీక్షలు. నేను మళ్ళీ మేడెక్కేసరికి టమాటా మొక్కలు చీపురుపుల్లల్లా నిలబడి ఉన్నాయి. (ఆ మట్టి కూడా ఎండి ఇటుకైపోయింది. అమ్మినతను "బంగారం లాంటి మట్టమ్మా" అన్నాడు. రంగు సంగతేమో అనుకున్నాను తర్వాత.) బతికి బట్టకట్టిన నాలుగు మొక్కల్నీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను పట్టుకుపోయింది. మా పందిరి కర్రలు, పక్కవాళ్ళ వాటర్ ట్యాంకు మూత వీధి చివర ఒకే చోట దొరికాయి.

తర్వాత ఏడాది మళ్ళీ పెట్టాలనిపించినప్పుడు ముందు విత్తనాలు కొనలేదు, క్యాలెండర్ తీశాను. మూడు నెలలు రోజూ రాత్రి ఒక గుర్తు పెట్టాను: బాగున్న రోజు, ఒక మోస్తరు రోజు, పనికిరాని రోజు. నెలకి ఐదారు పనికిరాని రోజులు తేలాయి, అవి కూడా వరసగా వస్తాయి. మనం చేసే పొరపాటు ఏంటంటే బాగున్న రోజు చూసుకుని తోట కట్టేస్తాం. ఐదారు రోజులు నేను మేడెక్కకపోయినా చచ్చిపోని తోట ఎంత అని లెక్కేస్తే పన్నెండు బ్యాగులు అని వచ్చింది. ఇన్నేళ్ళలో పద్నాలుగు దాటలేదు. మంచి రోజున చెయ్యి దురదపెట్టి ఇంకో నాలుగు పెట్టాలనిపిస్తుంది. ఆ రోజు నేను మొక్కలమ్మే చోటికి వెళ్ళను, అంతే.

ఆ ఐదారు రోజుల్లో నాకు పెద్ద ఆసరా కుండ. బజార్లో దొరికే మామూలు మట్టి ముంత, పెయింట్ వేయనిది. పెద్ద బ్యాగు మధ్యలో దాన్ని మెడదాకా పాతి, చుట్టూ మొక్కలు పెట్టి, నిండా నీళ్ళు పోసి మూత పెట్టాలి. మట్టి ఆరేకొద్దీ ముంత గోడల్లోంచి నీరు ఊరుతుంది. మట్టి తడిగా ఉంటే ఊరడం దానంతటదే తగ్గుతుంది. లీటరున్నర ముంత నాకు చలికాలంలో నాలుగు రోజులు వస్తుంది, మే నెలలో రోజున్నర. పైన ఎండుటాకులో కొబ్బరి పీచో దట్టంగా కప్పితే ఇంకొంచెం ఎక్కువ. మూత మాత్రం మర్చిపోకండి, దోమలు గుడ్లు పెడతాయి. మన కీళ్ళకి చికున్‌గున్యా కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. బ్యాగుల కింద పళ్ళేలు పెట్టకపోవడం కూడా అందుకే.

మట్టి తేలిగ్గా కలుపుకోండి. పన్నెండంగుళాల బ్యాగులో ఉత్త మట్టి నింపి తడిపితే ముప్పై కిలోలు దాటుతుంది, మీరు కదపలేరు, శ్లాబుకీ బరువే. నేను మట్టి మూడో వంతే వేస్తాను. మిగతాది కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల గెత్తం, గుప్పెడు వేపపిండి. మోసేవాళ్ళకి డబ్బులివ్వండి. ఆ డబ్బు ఆదా చేసి నేను మందుల షాపులో ఎంత కట్టానో చెప్పానంటే నవ్వుతారు.

ఇక ఏం పెంచాలి. అందరూ టమాటాతో మొదలుపెడతారు. మనలాంటివాళ్ళకి టమాటా అంత మొండి పిల్ల ఇంకోటి లేదు. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు కుండపోతగా పోస్తే కాయకి కాల్షియం సరిగా అందదు, అడుగు నల్లబడి కుళ్ళుతుంది. ఒక ఏడాది నా టమాటాలు చూసి మా అమ్మాయి "అమ్మా, నీకెప్పుడు ఎక్కువైందో ఈ కాయల మీద రాసుంది" అంది. ఒకసారి పెడితే ఏళ్ళ తరబడి ఉండేవీ, కోసిన కొద్దీ వచ్చేవీ మనకి కావాలి. దొండ పాదు ఒకటి, మునగ, కరివేపాకు, తీగ బచ్చలి, గోంగూర. వంగ మొక్క కాపు తగ్గాక జానెడు ఎత్తున కొట్టేస్తే మళ్ళీ చిగిర్చి కాస్తుంది, కొత్తగా నారు పొయ్యక్కర్లేదు. తోటకూర ఏ నెలలో చల్లినా మూడు నాలుగు వారాల్లో కూరకొస్తుంది. ఎక్కువ ఓపిక పట్టలేని రోజుల్లో ఆ మూడు వారాలు చాలా పెద్ద ధైర్యం.

ఆనపపాదు (సొరపాదు) గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్తాను, అదంటే నాకు పక్షపాతం. మన జబ్బులో పొద్దున్న పూట ఎలా ఉంటుందో మీకు తెలుసు. తొమ్మిదింటి దాకా నా వేళ్ళు ముడుచుకోవు. తోట పుస్తకాలన్నీ సూర్యోదయానికే లేచి పని చెయ్యమంటాయి. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, బీరపువ్వూ అంతే. ఐదు గంటలకి చూస్తే మొగ్గ పిండి మెలిపెట్టిన చేతిరుమాలులా ఉంటుంది. దీపాలు పెట్టే వేళకి తెల్లగా, పల్చగా విప్పారుతుంది. మగపువ్వుకి సన్నటి పొడుగాటి కాడ, ఆడపువ్వు కింద వేలెడంత పిందె, దాని మీద నూగు. రెండంతస్తుల మీదికి పురుగులు సరిగా రావు కాబట్టి మనమే చెయ్యాలి. మగపువ్వు తుంచి రేకులు ఒలిచేసి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. పిడికిలి అక్కర్లేదు, బలం అక్కర్లేదు, రెండు వేళ్ళు చాలు. పట్టిందో లేదో రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. పడితే పిందె కిందికి వంగి లావెక్కుతుంది, లేకపోతే పసుపు తిరిగి రాలిపోతుంది. పనికిరాని రోజున కూడా, మెట్లెక్కగలిగితే చాలు, ఆ ఒక్క పని చేసి దిగొస్తాను.

వంగడం మానేయండి. రెండున్నర అడుగుల ఎత్తు ఇనప స్టాండ్లు చేయించుకున్నాను, బ్యాగులన్నీ వాటి మీదే, పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ. బొరిగె పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టాను. పిడి లావైతే వేళ్ళు బిగించాల్సిన పని తగ్గుతుంది. కుళాయికి గుండ్రటి తిప్పుడు పిడి తీసేసి, మోచేత్తో నెట్టే పొడుగు పిడిది పెట్టించాను. నీళ్ళకి బకెట్ కాదు, పైపు. పదిహేను నిమిషాలకి ఫోన్లో అలారం. మోగితే సగం కోసిన కొమ్మ కూడా అక్కడే వదిలేస్తాను. మొదట్లో ఇది చాలా కష్టంగా ఉండేది, నన్ను నమ్మండి. ఎక్కువ చేశానా అన్నదానికి కొలత ఒకటుంది: పని ఆపిన రెండు గంటల తర్వాత కూడా ముందుకంటే ఎక్కువ నొప్పి ఉంటే, మర్నాడు అందులో సగమే చెయ్యాలి.

మందుల వల్ల కొన్ని జాగ్రత్తలు. మనం వాడేవాటిలో చాలా మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. తడి మట్టిలో రకరకాల బ్యాక్టీరియా ఉంటుంది. మెలియోయిడోసిస్ అని మట్టి, నీళ్ళ నుంచి వచ్చే జబ్బు మన దేశంలో తీరప్రాంతాల్లో కనిపిస్తుంది, వానాకాలంలో ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్ళకి మరీ ప్రమాదం. అందుకని గ్లవ్స్ లేకుండా మట్టి ముట్టను, చెప్పుల్లేకుండా మేడ మీద తిరగను. ఎండు ఎరువు, కొబ్బరి పొట్టు కలిపేటప్పుడు మాస్క్. గీరుకుంటే వెంటనే సబ్బుతో కడగడం, జ్వరమొస్తే తోటపని చేస్తానన్న మాట డాక్టర్‌కి చెప్పడం. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్ళలో కొందరికి ఎండ పడదు. మే నెలలో మన ఊరి ఉక్కకి మామూలు మనుషులే సొమ్మసిల్లుతారు కాబట్టి, మధ్యాహ్నం పైకి వెళ్ళకండి. మెథోట్రెక్సేట్ నేను వారానికొకసారి, శనివారం రాత్రి వేసుకుంటాను. ఆదివారం అంతా మగతే, ఆ రోజు తోటకి సెలవు.

మీది సముద్రం దగ్గర. మర్రిపాలెంలో నాకు లేని ఇబ్బంది మీకుంటుంది. చినవాల్తేరులో మా చెల్లెలి మేడ మీద చిక్కుడాకుల అంచులు ఉప్పుగాలికి మాడిపోయేవి. సముద్రం వైపు షేడ్ నెట్ ఒక గోడలా కట్టింది, గాలి జోరుగా ఉన్న రోజుల తర్వాత ఆకుల మీద మంచినీళ్ళు చల్లుతుంది. తోటకూరకీ మునగకీ అసలు పట్టలేదు. బోరు నీళ్ళు ఉంటే ముందు నాలిక మీద చుక్క వేసుకుని చూడండి, ఉప్పగా ఉంటే మొక్కలకి పొయ్యకండి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల సంగతి కూడా ఇప్పుడే ఆలోచించాలి. హెచ్చరిక వచ్చాక మన చేతులతో బ్యాగులు దించడం అయ్యే పని కాదు. పందిరి పైపులు గోడకి క్లాంపులతో బిగించేయండి. పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా పెట్టకండి.

ఇంట్లో మాటలు. అదే అన్నిటికన్నా నొప్పి, నాకు తెలుసు. "అంట్లు తోమడానికి చేతులు రావంటాది గానీ, మేడ మీదకైతే ఎక్కిపోతాది" అని మా ఎదురింటావిడ మా అత్తగారితో అన్న మాట మెట్ల మీద ఉండగా నా చెవినే పడింది. ఆ రోజు పైకెళ్ళి కుర్చీలో కూర్చుని ఏడ్చాను, మొక్కలకి నీళ్ళు కూడా పొయ్యలేదు. జబ్బు బయటికి కనపడదు, తోట కనపడుతుంది. చాలాకాలం తోటని దాచాలని చూశాను, కోసిన గోంగూర కూడా బజార్లో కొన్నట్టు తెచ్చేదాన్ని. తర్వాత దాచడం మానేసి క్యాలెండర్‌ని వంటింటి గోడకి తగిలించాను, రంగు చుక్కలతో. ఏ రోజు ఏ చుక్కో ఎవరైనా చూసుకోవచ్చు. రోజుకి ఒక్క బరువు పని, అది తోటైనా సరే బట్టలైనా సరే అని మా ఆయనకి లెక్క చెప్పాను. ఆయన సరేనన్నారు. అత్తగారు వెంటనే ఏమీ మారలేదు. మేడ మీద కుండలు పాతడం అశుభం అని రెండేళ్ళు గొణిగారు. ఇప్పుడు నేను లేవలేని రోజుల్లో ఆ కుండల్లో నీళ్ళు పోసేది ఆవిడే, గొణుగుతూనే పోస్తారు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టడానికి మాత్రం బజారు కాయ వద్దంటారు, మన పాదుదే కావాలి. పుల్లలు గుచ్చేటప్పుడు నా వేళ్ళు వణికితే ఆ పని లాక్కుని ఆవిడే చేస్తారు.

ఆ చిక్కుడు జూన్, జూలైలో పెట్టాలి. పగలు తగ్గి చలి మొదలయ్యాకే పూతకొస్తుంది కాబట్టి తొందరపడి ఎరువులు గుమ్మరించకండి, ఆకు తప్ప ఏమీ రాదు. పేనుబంక తప్పకుండా పడుతుంది. పైపు నీళ్ళు జోరుగా కొట్టండి, తగ్గకపోతే వేపనూనె.

మీరు మాత్రం మొదట ఐదు బ్యాగులతో ఆగండి. రెండు తోటకూర, ఒకటి గోంగూర, ఒకటి బచ్చలి, ఒక పెద్దది ఆనపకి. ఆర్నెల్లు చూసుకుని అప్పుడు పెంచుదురు. అన్నట్టు అడగటం మర్చిపోయాను, మీ మేడ మీద కుళాయి ఉందా? లేకపోతే ముందు ప్లంబర్‌ని పిలిపించండి, విత్తనాలు తర్వాత కొనొచ్చు.