కొత్త లాన్‌లో తుంగ: ఏ మందు ఎప్పుడు కొట్టాలి?

ప్రశ్న: మా చెల్క పొలంలో 10 గుంటల్లో మెక్సికన్ గడ్డి నాటి ఆరు వారాలైంది. నాటే ముందు చెరువు పూడిక మట్టి, పెంట వేశాం. ఇప్పుడు తుంగ, గంగవాయిలి, వయ్యారిభామ లాన్‌ను మించి పెరుగుతున్నాయి. పత్తికి వాడగా మిగిలిన పెండిమిథాలిన్ ఉంది, కొట్టవచ్చా? దుకాణంలో 2,4-డి కొట్టమన్నారు. వచ్చే ఏడాది ఇంకో 10 గుంటలు వేద్దామనుకుంటున్నాం.
– ఒక రైతు, జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: రెండూ ఇప్పుడు కొట్టకండి. పెండిమిథాలిన్ మొలిచిన కలుపును చంపదు. పైగా పాకే తీగల కణుపుల దగ్గర కొత్త వేర్లు దిగకుండా చేస్తుంది. వేరు దిగకపోతే గడ్డి అల్లుకోదు, ఖాళీల్లో మళ్లీ కలుపే వస్తుంది. 2,4-డి వెడల్పాకు కలుపు మీద బాగా పనిచేస్తుంది గానీ లేత లాన్‌ను కూడా దెబ్బతీస్తుంది. చుట్టుపక్కల పత్తి ఉంటే 2,4-డి జోలికే పోవద్దు. గాలికి తుంపర సోకినా, కడగని పంపులో కాస్త మిగిలినా పత్తి ఆకులు సన్నగా సాగి ముడుచుకుపోతాయి.

గంగవాయిలి, వయ్యారిభామలను చేత్తోనే తీయించండి. తడి పెట్టిన మర్నాడు వేరుతో వస్తాయి. గంగవాయిలిని పీకి అక్కడే పడేస్తే తుంచిన కాడ మళ్లీ నాటుకుంటుంది, కాబట్టి గంపకెత్తి బయట వేయాలి. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి.

అసలు తలనొప్పి తుంగ. అది బహుశా పూడిక మట్టితోనే వచ్చి ఉంటుంది. పైన పీకితే ఆకు తెగుతుంది, కింద గడ్డ ఉండిపోతుంది, వారంలో మళ్లీ మొలుస్తుంది. అక్కడక్కడా ఉంటే కుర్పీతో గడ్డ సహా తవ్వండి. ఎక్కువగా ఉంటే లాన్ వేరూని, రెండు మూడు కోతలు అయ్యేదాకా ఆగండి. ఆ తర్వాత చెరకు, మొక్కజొన్నల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళికల మందును ఎకరాకు 36 గ్రాముల లెక్కన వాడవచ్చు. మీ 10 గుంటలకు 9 గ్రాములు: 16 లీటర్ల పంపుకు 3 గ్రాములు, మూడు పంపులు. తూకం యంత్రంతో తూచండి, చెంచా కొలతకు నమ్మకం లేదు. ముందు ఒక మూల నాలుగు గజాల్లో కొట్టి రెండు వారాలు చూశాకే మిగతాది. తుంగ నాలుగైదు ఆకుల మీద ఉండాలి, కొట్టేముందూ తర్వాతా రెండేసి రోజులు లాన్ కోయకూడదు. ఇది మెల్లగా పనిచేసే మందు. పసుపెక్కడానికే వారం పైన పడుతుంది. పని చేయలేదని వెంటనే రెండోసారి కొట్టేస్తారు చాలామంది, ఆ తొందర వద్దు.

వచ్చే ఏడాది నేలకు పూడిక మట్టి వద్దు, బాగా మాగిన పెంటే వేయండి. ఏప్రిల్‌లో చదును చేసి, బాగా తడిపి, పారదర్శక పాలిథిన్ షీటు పరిచి అంచులు మట్టితో మూసేయండి. నల్ల షీటు ఈ పనికి అంత బాగా రాదు. మన ఎండకు ఐదారు వారాల్లో పైపొరలో కలుపు గింజలు చాలావరకు చస్తాయి. లోతున ఉన్న తుంగ గడ్డలు మాత్రం చావవు, వాటిని షీటు పరచకముందే తవ్వకంలో ఏరేయాల్సిందే. షీటు తీశాక దున్నకండి, దున్నితే కింది గింజలు పైకొస్తాయి. ఒక తడి పెట్టి రెండు వారాలు ఆగి, మొలిచినదాన్ని పైపైన చెక్కి, 10 సెంటీమీటర్ల ఎడంలో తీగలు నాటండి. 15 సెంటీమీటర్లయితే నారు ఖర్చు తగ్గుతుంది గానీ నేల కప్పుకోవడానికి పట్టే ఎక్కువ రోజుల్లో ఆ మిగులు కలుపు కూలీకే పోతుంది.