మా సక్కర్ ఫిష్ అసలు పేరేమిటి?

ప్రశ్న: అద్దం మీద పాచి తింటుందని రెండేళ్ల కిందట వేలెడంత సక్కర్ ఫిష్‌ని తెచ్చుకున్నాం. ఇంతకంటే పెద్దగా పెరగదన్నారు. ఇప్పుడు జానెడు దాటింది. ఒళ్లంతా చిరుతపులి మచ్చలు. కొందరు బ్రిసిల్‌నోజ్ అంటున్నారు, కొందరు కామన్ ప్లెకో అంటున్నారు. రెండు ఫొటోలు పంపుతున్నాను. ఏదండీ ఇది?

జవాబు: మచ్చలను నమ్మకండి, చాలా రకాలకు ఉంటాయి. మీ అదృష్టం, మొదటి ఫొటోలో వీపు మీది రెక్క గొడుగులా విప్పుకుని ఉంది. ముందున్న గట్టి ముల్లును వదిలేసి, వెనకున్న పుల్లలను భూతద్దం పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. 12 వచ్చాయి. బ్రిసిల్‌నోజ్‌కి మామూలుగా 7 ఉంటాయి. 10, అంతకు మించి ఉంటే టెరిగోప్లిక్తిస్ జాతి, అంటే కామన్ ప్లెకో పేరుతో అమ్మేదే. మూతి మీద కుచ్చులు లేవు కాబట్టి బ్రిసిల్‌నోజ్ కాదనడం మాత్రం తప్పు. ఆడవాటికి అవి ఉండకపోవచ్చు. నేనూ ఒకసారి అలాగే బోల్తా పడ్డాను.

రెండో ఫొటోలో అద్దానికి అతుక్కున్న పొట్ట మీద విడివిడి చుక్కలు లేవు, వానపాముల్లాంటి మెలికల గీతలున్నాయి. అది ఆ టెరిగోప్లిక్తిస్‌లలోనే డిస్‌జంక్టివస్ అనే రకం లక్షణం. చుక్కలుంటే పార్డాలిస్ అనే మరో రకం అనేవాణ్ని. ఈ రెండూ కలిసి సంకరాలు పుడతాయి కాబట్టి అంతకు మించి ఒట్టేసి చెప్పను.

ఇది 40 సెంటీమీటర్లు దాటగలదు. తొట్టి చాలకపోతే పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. చెరువులో మాత్రం వదలకండి. దక్షిణ అమెరికా చేప, కొత్త నీళ్లలో గట్లకు బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది.