చీనీ తోట కాపలాకు ముధోల్ వేటకుక్క పనికొస్తుందా?

ధర్మవరం పక్కన చీనీ (బత్తాయి) తోట ఉంది, చుట్టూ శనక్కాయ చేలు, రాత్రిళ్లు అడవిపందులు పడి డ్రిప్పు పైపులు కూడా కొరికేస్తున్నాయి, ముధోల్ వేటకుక్కను తెస్తే పందులు ఆగుతాయా, ఆ జాతి గుణాలేంటి, ఎక్కడిది, ఆడదా మగదా ఏది మేలు అని అడిగారు. మాది నార్పల వైపు. మా తోటలో ముధోల్ ఆడకుక్క ఉంది, పేరు మల్లి. పందుల కోసమే అయితే తేవద్దండీ. కుక్క మీద ఇష్టంతో అయితే తెచ్చుకోండి, కింద రాసింది చదివాక.

ఇది వాసన పట్టి వేటాడే కుక్క కాదు, కంటితో వేటాడే కుక్క. పగటిపూట, బయలు మైదానంలో, దూరంగా కదిలినదాన్ని చూసి పరుగుతో అందుకోవడం దీని పని. కుందేలు, జింక లాంటి వాటి కోసం తయారైన ఒళ్లు. మీ పందులేమో చీకట్లో, చెట్ల మధ్య వస్తాయి. పోనీ ఎదురుపడిందే అనుకోండి, దీని చర్మం ఎంత పలుచనంటే మా మల్లికి కంపచెట్టు గీరుకుంటేనే కుట్లు పడ్డాయి. మగపంది కోర తగిలితే పొట్ట చీలిపోతుంది. పందుల మీదికి తోలే కుక్కలు వేరు, తమిళనాడు కోంబై లాంటివి, బరువైన దవడ, గట్టి మెడ ఉన్నవి. అవీ చస్తాయి, అది వేరే సంగతి.

ఒంటి తీరు చూస్తే ఏ పనికి పుట్టిందో తెలిసిపోతుంది. సన్నగా పొడుగాటి తల, పక్కలకు చూడగల కళ్లు, లోతైన రొమ్ము, లోపలికి పీక్కుపోయిన పొట్ట, కొద్దిగా వంగిన నడుము. ఎత్తు రెండుంపావు అడుగుల అటూ ఇటూ. పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఒక్కో దూకుకు రెండుసార్లు నాలుగు కాళ్లూ నేల వదిలేస్తాయి. వెన్ను విల్లులా వంగి సాగుతుంది. వెనక పక్కటెముకలు రెండు మూడు బయటికి కనపడడం ఈ జాతికి మామూలే. మా ఊళ్లో ఇప్పటికీ “ఏమప్పా, కుక్కకు కూడు పెట్టవా?” అనేవాళ్లున్నారు. ఆ మాటకు జడిసి మేపితే కీళ్లు పోతాయి.

ఊరి సంగతికొస్తే, బాసర దగ్గరి ముధోల్ అనుకుని అక్కడ వెతికేవాళ్లను చూశాను. అది కాదు. కర్ణాటకలో బాగల్‌కోట జిల్లా ముధోల్. ఒకప్పుడు ఘోర్పడే వంశం ఏలిన చిన్న సంస్థానం. పశ్చిమాసియా నుంచి బిడారులతో వచ్చిన వర్తకులు, సైనికుల వెంట ఈ కుక్కల పూర్వీకులు దక్కనులో దిగాయని చెబుతారు. అరబ్బుల వేటకుక్క సలూకీని పక్కన పెట్టి చూస్తే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. ఊళ్లలో కారవానీ అనీ, చెవులకూ తోకకూ కుచ్చువెంట్రుకలుంటే పష్మీ అనీ అంటారు. అక్కడి బేడర్లు, అంటే మన వైపు బోయలు, వేటకు వాడుతుంటే మాలోజీరావు ఘోర్పడే చూసి ముచ్చటపడి సంస్థానంలో పెంచే ఏర్పాటు చేశాడంటారు. ఇంగ్లండు వెళ్లినప్పుడు ఐదో జార్జి రాజుకు ఒక జత కానుకగా ఇచ్చాడు. ముధోల్ హౌండ్ అన్న పేరు అప్పటి నుంచి గట్టిపడింది. 2005లో తపాలా శాఖ దేశీ కుక్కల మీద నాలుగు బిళ్లలు వేస్తే అందులో ఇదొకటి. 2016లో సైన్యం మీరట్ శిక్షణ కేంద్రానికి ఈ కుక్కపిల్లల్ని తీసుకుపోయింది. ఆ వార్త వచ్చినప్పటి నుంచి మన వైపు దీని మీద మోజు పెరిగింది, అదే చిక్కు కూడా.

అయితే బిడారులు రాకముందు దక్కనులో వేటకుక్కలు లేవని కాదు. మండ్య జిల్లా ఆతకూరులో 949-50 నాటి శాసనం ఒకటి దొరికింది, ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. చోళులతో యుద్ధంలో బాగా పోరాడిన మణలేరుడనే వీరుడికి గంగరాజు బూతుగుడు ఏం కావాలో కోరుకో అంటే, మీ కాళి అనే వేటకుక్కను ఇవ్వమన్నాడట. ఆ కాళి ఒక పెద్ద పందితో తలపడింది, రెండూ చచ్చాయి. దానికి రాయి నిలబెట్టి, పూజకు భూమి కూడా ఇచ్చారు. రాజుగారి కుక్కకే పంది దగ్గర అట్లా అయింది, ఇక మన తోట కుక్క మాట చెప్పాలా!

గుణం విషయంలో ముందే మనసు సిద్ధం చేసుకోండి. ఆల్సేషన్‌లాగా చెప్పగానే కూర్చోదు. అరవడం తక్కువ. కొత్తవాళ్లు తల నిమరబోతే పక్కకు తప్పుకుంటుంది, కొన్నయితే కరుస్తాయి. ఇంట్లోవాళ్లను మాత్రం వదలదు. గట్టిగా గదిమితే రోజంతా ముఖం చూపించదు. పొద్దున ఒక గంట విడిచిపెడితే మిగతా పగలంతా నిద్రే. కానీ కళ్ల ముందు ఏదైనా పరుగెత్తిందా, ఇక మీ పిలుపు చెవికెక్కదు. పక్కింటి కోళ్ల డబ్బులు మేం కట్టాం.

కుందేలును పట్టినా నేరమే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం. కృష్ణజింక సంగతి చెప్పనక్కరలేదు. అహోబిలం స్వామి కనుమ నాడు పారువేటకు బయలుదేరతాడు, మనమెందుకు కుక్కల్ని తోలకూడదు అని వాదించే మామలు మాకూ ఉన్నారు. కేసు పడ్డాక స్వామి వచ్చి జామీను ఇవ్వడు కదా.

అసలు భయం వేరే. పందుల కోసం చేలల్లో దొంగగా కరెంటు తీగలు లాగుతారు, కొన్నిచోట్ల నాటుబాంబు ఉండలు పెడతారు. చూపు ముందుకే పెట్టి పరుగెత్తే కుక్కకు కింద తీగ కనపడదు. కళ్యాణదుర్గం వైపు గుట్టల్లో చిరుతలున్నాయి, వాటికి కుక్క ఇష్టమైన తిండి. కాబట్టి ఆరడుగుల కంచె లేని తోటలో దీన్ని విడవొద్దు. అలాగని గొలుసు వేసి పగలంతా కట్టేస్తే పిచ్చెత్తినట్టు తయారవుతుంది. మా చుట్టుపక్కల ఇట్లా చెడిపోయిన ముధోళ్లే ఎక్కువ.

ఎండకు తట్టుకుంటుందని చెప్పి అమ్ముతారు. నీడలో ఉంటే తట్టుకుంటుంది. ఏప్రిల్, మేలలో మేం తెల్లవారకముందే పరుగెత్తించి ఆపేస్తాం, పొద్దెక్కాక పరుగెత్తితే వడదెబ్బే. తిండికి రాగిసంగటి, మజ్జిగ, గుడ్డు, ఉడికించిన కోడిమాంసం. ఉడికిన ఎముకలు వద్దు. ఒకేసారి కడుపునిండా పెట్టి పరుగెత్తనిస్తే లోతు రొమ్ము కుక్కలకు పొట్ట మెలిపడే ప్రమాదం ఉంది, రెండు పూటలకు పంచండి. గోమార్ల జ్వరం మన దగ్గర ఎక్కువ, నెలనెలా మందు తప్పదు. మల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినప్పుడు డాక్టరు ముందే చెప్పాడు, ఒంట్లో కొవ్వు లేని ఈ రకం కుక్కలకు కొన్ని మత్తుమందులు త్వరగా దిగవని. ఏ ఆపరేషనైనా సరే, డాక్టరుకు జాతి పేరు ముందే చెప్పి చేయించండి.

పందులకు బ్యాటరీ కరెంటుతో షాక్ కొట్టి వదిలే సోలార్ కంచె వేయించుకోండి, దానికి తోడు రెండు ఊరకుక్కల్ని చేరదీయండి. రాత్రంతా మొరిగేది అవే. గొర్రెలు మేపే కురబలను అడిగి చూడండి, మందకు కాపలా వాళ్లు ఊరకుక్కలకే అప్పగిస్తారు.

అయినా ముధోలే కావాలంటే, ముధోల్ పక్కన తిమ్మాపురంలో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కుక్కల పరిశోధన కేంద్రం ఉంది, ముందు అక్కడ అడగండి. సంతలో కొంటే గ్రేహౌండ్ కలిసిన పిల్లను అంటగడతారు. తల్లిని చూడకుండా డబ్బులివ్వొద్దు. ఆడదా మగదా అంటే, మొదటిసారి పెంచేవాళ్లకు ఆడదే నయం. కాస్త చిన్నది, ఊరు తిరగడం తక్కువ. ఎదకొచ్చినప్పుడు మాత్రం ఆ కంచె ఆరడుగులున్నా చాలదు, లోపల కట్టేసుకోండి.