టెక్ సందేహాలు: మూడు డోర్లు మాట వింటాయి, నాలుగోది వినదు

ప్రశ్న: మాది 2014లో కొన్న కారు. రెండు నెలలుగా రిమోట్ నొక్కితే మూడు డోర్లకు లాక్ పడుతోంది. డ్రైవర్ డోర్‌కి మాత్రం ఒకసారి పడితే నాలుగుసార్లు పడదు. రిమోట్‌లో సెల్ మార్చాను. షెడ్డులో చూపిస్తే ‘కంట్రోల్ యూనిట్ పోయింది, పదకొండు వేలవుతుంది’ అన్నారు. ఈమధ్య అదే డోర్ అద్దం కూడా సగంలో ఆగిపోతోంది. యూనిట్ మార్పించమంటారా?
- ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

వద్దు. ఒక అరగంట పరీక్ష చేసేవరకూ ఆ పదకొండు వేలూ జేబులోనే ఉంచండి.

మూడు డోర్లకు లాక్ పడుతోందంటే రిమోట్ బాగుంది, దాని సిగ్నల్ కారుకు అందుతోంది, యూనిట్ కూడా దాన్ని అర్థం చేసుకుంటోంది. కరెంటు నాలుగో డోర్ దాకా చేరడం లేదు, లేదా చేరినా అక్కడి మోటారు కదలడం లేదు. యూనిట్ లోపల ఆ ఒక్క డోర్‌ని నడిపే భాగం పోయే అవకాశం లేకపోలేదు. కానీ మీరు చివర్లో మాటవరసకు రాసిన అద్దం సంగతి ఉంది చూశారూ, నాకు అదే అసలు ఆధారం. లాక్ మోటారు వేరు, అద్దం మోటారు వేరు. రెండూ ఒకేసారి పాడవడం అరుదు. ఆ రెండింటికీ వెళ్లే వైర్లు మాత్రం ఒకే దారిలో వెళ్తాయి.

డ్రైవర్ డోర్ బార్లా తెరిచి, రెండు కీళ్ల మధ్య చూడండి. హార్మోనియం తిత్తిలా ముడతలు పడిన నల్లటి రబ్బరు గొట్టం కనిపిస్తుంది. డోర్‌లోకి వెళ్లే వైర్లన్నీ అందులోంచే. డోర్ తెరిచి మూసిన ప్రతిసారీ అవి వంగుతాయి. రోజుకు పదిసార్లు అనుకున్నా పదేళ్లకు 36,500 సార్లు! అన్నిటికంటే ఎక్కువగా తెరిచేది డ్రైవర్ డోరే కాబట్టి అక్కడి వైర్లే ముందు తెగుతాయి. పై తొడుగు చెక్కుచెదరదు, లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి. ఒక కోణంలో తెగిన కొసలు తగులుతాయి, ఇంకో కోణంలో తగలవు. మీ డోర్ ఒకసారి పలికి నాలుగుసార్లు పలక్కపోవడం అందుకే అనుకుంటున్నాను.

పరీక్షకు ఇద్దరు కావాలి. ఒకరు అద్దం స్విచ్ నొక్కుతూ ఉండాలి, మీరు ఆ గొట్టాన్ని పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచాలి. ఒక చోట వంచగానే అద్దం కదిలిందా, దొంగ దొరికినట్టే. లాక్‌ని కూడా ఇలాగే చూడొచ్చు గానీ, డోర్ తెరిచి ఉంటే చాలా కార్లు రిమోట్ మాట వినవు. అలాంటప్పుడు డోర్ అంచున ఉండే కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో ‘టక్ టక్’ మని రెండుసార్లు లోపలికి నెట్టండి. చాలా మోడళ్లలో దాంతో డోర్ మూశారనే కారు అనుకుంటుంది. పని అయ్యాక లాక్ తీసి, హ్యాండిల్ లాగి, కొక్కెం వెనక్కి వచ్చిందో లేదో చూసుకున్నాకే డోర్ మూయండి. తొందరపడి అలాగే విసిరేస్తే కొక్కెం వంకరపోయి కొత్త ఖర్చు తగులుతుంది.

గొట్టంతో ఏమీ తేలకపోతే డోర్ ప్యాడ్, అంటే డోర్ లోపలివైపు తొడుగు, ఊడదీయాల్సిందే. లాక్ మోటారుకు వెళ్లే రెండు వైర్ల మధ్య టెస్ట్ లాంప్, అంటే రెండు వైర్లు తగిలించిన బల్బు, పెట్టి రిమోట్ నొక్కించండి. ఇక్కడ మల్టీమీటర్‌ని పూర్తిగా నమ్మొద్దు. మోటారుకు కరెంటు వచ్చేది సెకనులోపే, మీటరు అంకె చూపేలోగా అది వచ్చి వెళ్లిపోతుంది. పైగా ఒక్క పోగు మిగిలిన వైరులోనూ మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఆ ఒక్క పోగు మోటారును తిప్పలేదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెడితే అబద్ధం చెప్పదు. బల్బు గట్టిగా వెలిగి, మోటారు కదలకపోతే మోటారు పోయినట్టు. బల్బు మినుకుమంటే తప్పు వైరుదే.

వైరు తెగిందని తేలితే బాగుచేయించడం మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కి కష్టమేం కాదు. రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్పండి. తెగిన కొసలు మెలిపెట్టి టేపు చుట్టొద్దు. అదే మందం ఉన్న కొత్త వైరు ముక్క వేసి సాల్డరింగ్ చేయమనండి, జాయింట్లు గొట్టం వంగే చోట కాకుండా ఇటు బాడీలోకీ అటు డోర్‌లోకీ వచ్చేలా చూడమనండి. సాల్డర్ పడిన చోట వైరు బిరుసెక్కుతుంది, వంపులో ఉంటే దాని పక్కనే మళ్లీ తెగుతుంది. మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాని జోలికి వెళ్లొద్దు.

ప్రశ్న: రిమోట్‌తో లాక్ చేస్తే అన్ని డోర్లూ పడినట్టే పడి వెంటనే తెరుచుకుంటున్నాయి. ఫ్యూజులు బాగానే ఉన్నాయి.
- విశాఖపట్నం

ఏదో ఒక డోర్ తెరిచే ఉందని కారు అనుకుంటున్నట్టుంది. రాత్రిపూట అన్నీ మూసి లోపల కూర్చోండి. పైన లైటు ఆరకపోయినా, మీటర్ల దగ్గర డోర్ గుర్తు వెలుగుతున్నా ఆ డోర్ స్విచ్చే దోషి. డిక్కీని మర్చిపోకండి, అందరూ చివర్న చూసేది దాన్నే. సముద్రపు గాలికి ఈ స్విచ్‌లు తుప్పు పడతాయి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో చాలావరకు దారికొస్తాయి.

మీ సెంట్రల్ లాకింగ్ (అన్ని డోర్లకూ ఒకేసారి లాక్ వేసే ఏర్పాటు) బయట షాపులో వేయించినదైతే సంగతి వేరు. అలాంటి కిట్లలో డ్రైవర్ డోర్ మోటారుకు ఐదు వైర్లుంటాయి. రెండు మోటారును నడపడానికి, మూడు ‘నేను తెరుచుకున్నాను, మూసుకున్నాను’ అని యూనిట్‌కి కబురు పంపడానికి. ఆ కబురు తప్పుగా వెళ్తే మిగతా డోర్లన్నీ తెరుచుకుంటాయి. ఆ ఒక్క మోటారు కనెక్టర్ పీకి రిమోట్ నొక్కి చూడండి. మిగతావి బుద్ధిగా లాక్ అయి ఉంటే మార్చాల్సింది ఆ మోటారు ఒక్కటే.

ప్రశ్న: రిమోట్ పోతే డాలస్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడ అచ్చం అలాంటిదే కొని పంపాడు. ఎర్ర లైటు వెలుగుతుంది, కారు పలకదు. సెల్ కొత్తదే.
- గుంటూరు

తమ్ముడి తప్పు లేదు. అమెరికాలో చాలా కార్ల రిమోట్లు 315 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, మన దగ్గర మామూలుగా 433.92 వాడతారు. బయటి డొక్కు ఒకేలా ఉన్నా లోపలి రేడియో వేరు. లైటు వెలిగితే బటన్, సెల్ పనిచేస్తున్నాయని మాత్రమే అర్థం. ఇక్కడి రిమోట్ కొనుక్కుని, కారుకు కొత్తగా పరిచయం చేయించాల్సిందే. నొక్కిన ప్రతిసారీ రిమోట్ పంపే కోడ్ మారుతుంది కాబట్టి జత చేయకుండా ఏ రిమోటూ పనిచేయదు. పాతది ఎక్కడో పోయింది కాబట్టి దాన్ని కారు గుర్తుపట్టే రిమోట్ల జాబితాలోంచి తీసేయమని కూడా చెప్పండి.

సెల్ కొనేటప్పుడు పాతదాని మీద నంబరు చూసి కొనండి. ఒకసారి సీఆర్ 2032 బదులు 2025 తెచ్చుకుని, రిమోట్‌ని అరచేతిలో కొట్టుకుంటూ వారం రోజులు తిరిగాను. వోల్టులు రెండింటికీ మూడే. మందమే తేడా, 3.2 మిల్లీమీటర్లకు బదులు 2.5. ఆ సందులోనే కాంటాక్టు తప్పుతోందని మూత తీసి చూసేదాకా తట్టలేదు.