బత్తాయి తోటలో తేమ సెన్సార్: తెరపై కనిపించే అంకె తేమ శాతం కాదు

ప్రశ్న: ఎర్ర నేలలో డ్రిప్ కింద మాకు నాలుగు ఎకరాల బత్తాయి తోట ఉంది. పాలిటెక్నిక్ చదువుతున్న మా అబ్బాయి ఆర్డునో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు కెపాసిటివ్ (మట్టి విద్యుత్ గుణంలో మార్పును బట్టి తేమను పసిగట్టే) సెన్సార్ కలిపి, రీడింగులు కంప్యూటర్‌లో కనిపించేలా చేశాడు. సెన్సార్ చెట్టు దగ్గర ఉంది. బోర్డు, కంప్యూటర్ 40 మీటర్ల దూరంలో షెడ్డులో ఉన్నాయి. నీళ్లు పెడితే అంకె తగ్గుతోంది. మోటారు వేయగానే ఎగిరెగిరి పడుతోంది. ఒక్కోసారి అర్థం కాని గుర్తులు వస్తున్నాయి. 420 వస్తే తేమ 42 శాతం అనుకోవచ్చా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: అనుకోకూడదు. ఆ లెక్కతో నీళ్లు పెడితే తోట దెబ్బతింటుంది. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే బత్తాయికి వేరుకుళ్లు, బంక కారే తెగులు వస్తాయని మీకు తెలుసు.

సెన్సార్ ఇచ్చేది వోల్టేజి మాత్రమే. యూనో బోర్డు 0 నుంచి 5 వోల్టుల వరకు ఉన్న వోల్టేజిని 0 నుంచి 1023 వరకు అంకెలుగా మారుస్తుంది. 420 అంటే దాదాపు 2.05 వోల్టులు, అంతే. ఇలాంటి కెపాసిటివ్ సెన్సార్లలో తేమ పెరిగితే వోల్టేజి తగ్గుతుంది కాబట్టి నీళ్లు పెట్టాక అంకె తగ్గడం సరైనదే. ఈ రకం సెన్సార్లు చాలావరకు 3 వోల్టులు దాటి ఇవ్వవు. అందుకే పొడి నేలలో కూడా 600 దరిదాపుల్లోనే ఆగుతుంది.

ఆ అంకెను తేమగా మార్చాల్సింది మీ నేలే. అబ్బాయి ఎంత మంచి ప్రోగ్రామ్ రాసినా ఈ పని తప్పదు. తడి ఎక్కువగా ఉన్న రోజు, మధ్యస్థంగా ఉన్న రోజు, బాగా ఆరిన రోజు సెన్సార్ పక్కనే, అదే లోతు నుంచి మట్టి తీయండి. అప్పటి రీడింగ్ రాసుకోండి. మట్టిని వెంటనే తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఎండిన మట్టి బరువుతో భాగించి 100తో గుణిస్తే తేమ శాతం వస్తుంది. 118 గ్రాములు 100 గ్రాములైతే తేమ 18 శాతం. ఇలా రీడింగ్, తేమ శాతం జతలు ఆరేడు ఉంటే గ్రాఫు గీయవచ్చు. పక్క ఊరి నల్లరేగడి గ్రాఫు మీ ఎర్ర నేలకు పనికిరాదు. బాగా తడి పెట్టి, ఒకటి రెండు రోజులు నీరు ఇంకిన తర్వాత వచ్చే రీడింగును ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. అంతకంటే తడిగా ఉన్నప్పుడు పెట్టే నీరు వేళ్లకు అందకుండా కిందికి పోతుంది.

ఇక ఎగిరిపడే అంకెలు. 40 మీటర్ల తీగలో బలహీనమైన వోల్టేజి వస్తుంటే, పక్కనే ఉన్న మోటారు కేబుల్ అలజడి అందులో కలుస్తుంది. బోర్డునే నీరు చొరబడని పెట్టెలో పెట్టి చెట్టు దగ్గరికి మార్చండి. వోల్టేజి అక్కడే అంకెగా మారి షెడ్డుకు రావాలి. యూఎస్‌బీ తీగ ఐదు మీటర్లకు మించి నమ్మకంగా పనిచేయదు కాబట్టి ఆర్ఎస్-485 మాడ్యూల్ (అంకెలను తీగ మీద దూరానికి పంపే చిన్న పరికరం), మెలిపెట్టిన జత తీగ వాడండి. తక్కువ వేగంలో అది కిలోమీటరు దూరం కూడా మోస్తుంది. షెడ్డులో దాన్ని యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ చాలు. మోటారు కేబుల్‌కు ఆనించి తీగ లాగవద్దు. యూనోలో 0, 1 పిన్‌లనే (తీగలు కలిపే చోట్లు) యూఎస్‌బీ కూడా వాడుకుంటుంది కాబట్టి, మాడ్యూల్ వాటికి కలిపి ఉంటే ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ఆ తీగలు ఊడదీయమనండి.

అర్థం కాని గుర్తులకు ఎక్కువగా కారణం బోర్డు, కంప్యూటర్ సమాచారం పంపుకునే వేగాల తేడా. బోర్డులో వేగం 9600 (సెకనుకు బిట్లు) పెడితే కంప్యూటర్‌లోనూ 9600 ఉండాలి. బోర్డు కంప్యూటర్‌కు కలిసే పోర్టును ఒకసారి ఒక ప్రోగ్రామే తెరవగలదు. తెరపై రీడింగులు చూసే విండో మూయకుండా ఫైలులో రాసే ప్రోగ్రామ్ నడిపితే అది మొరాయిస్తుంది. ఇరవై రీడింగుల సగటు తీసి, సెన్సార్ సంఖ్య, కామా, రీడింగ్ ఒక్కో వరుసగా పది నిమిషాలకోసారి పంపితే సరిపోతుంది. నేల తేమ క్షణాల్లో మారదు. తేదీ, సమయం కంప్యూటర్ చేర్చుకోవాలి.

సెన్సార్ పైభాగంలోని ఎలక్ట్రానిక్ భాగాలకు ఎపాక్సీ (నీరు చొరబడని గట్టి జిగురు) పూయండి. డ్రిప్పర్ తడిపే వలయంలో, మొదలుకు దూరంగా, 20–30 సెంటీమీటర్ల లోతులో గుంట పక్క గోడలోకి అడ్డంగా, ఖాళీ లేకుండా గుచ్చండి. గ్రాఫు సిద్ధమయ్యేదాకా మోటారును ఈ అంకెలకు వదిలేయకండి. అప్పటివరకు పిడికెడు మట్టి తీసి చూసే మీ అలవాటుతోనే తడులు ఇవ్వండి.