కూతురు ఫోనులోకి రావడం లేదని మనోవర్తి ఆపవచ్చా?

ప్రశ్న: మేము తాతల కాలం నుంచి రాయగడలో ఉంటున్న తెలుగువాళ్లం. కాగితం మిల్లులో పని చేస్తున్నాను, జీతం చేతికి 46,000 రూపాయలు వస్తుంది, ఇంటి అప్పు ఈఎమ్ఐకి 9,000 పోతుంది. రెండేళ్ల క్రితం విడాకులయ్యాయి. మా పాపకు 11 ఏళ్లు, పార్వతీపురంలో తల్లి దగ్గర ఉంటోంది. పార్వతీపురం కోర్టు ఉత్తర్వు ప్రకారం పాపకు నెలకు 12,000 కడుతున్నాను. నెలలో రెండో ఆదివారం చూడవచ్చని ఉత్తర్వులో ఉంది కానీ ఏడాదిగా పాప రావడం లేదు, ఫోనులో మాట్లాడడం లేదు. పుట్టినరోజుకు పంపిన గౌను పార్సిలు విప్పకుండానే తిరిగి వచ్చింది. తల్లి, అమ్మమ్మ కలిసి పిల్ల మనసు విరిచేశారని నా నమ్మకం. డబ్బు ఆపితే దారికి వస్తారని బంధువులు అంటున్నారు. పాప పేరున నెలకు 2,000 కట్టే సుకన్య ఖాతా మూసేసి, ఎఫ్‌డీలో ఉన్న 3 లక్షలు కలిపి, చాలకపోతే మా అమ్మ బంగారం తాకట్టు పెట్టి, పాపను పూర్తిగా నాకు అప్పగించమని రాయగడలోనే కేసు వేయాలనుకుంటున్నాను. వకీలు లక్షన్నర అవుతుందన్నారు. తండ్రిని నేనుండగా తల్లి గార్డియనుగా పాపకు బ్యాంకు ఖాతా తెరిచారు, అది చెల్లుతుందా?

జవాబు: మీ ఉత్తరంలోని ప్రతి అంకె వెనుక ఉన్న బాధ నాకు అర్థమైంది. విప్పకుండా తిరిగి వచ్చిన పార్సిలును చేతిలోకి తీసుకున్న తండ్రికి లెక్కలు చెప్పడం కష్టమే అయినా, ఆ బాధలో తీసుకునే నిర్ణయాల ఖర్చు చివరకు పాప మీదే పడుతుంది కాబట్టి సూటిగా చెబుతున్నాను. మనోవర్తి ఒక్క నెల కూడా ఆపకండి.

పాపను చూపించడం, పాపకు డబ్బు కట్టడం అనేవి చట్టం దృష్టిలో రెండు వేర్వేరు బాధ్యతలు. అవతలివారు ఒక ఉత్తర్వును పాటించకపోతే ఆ సంగతి కోర్టుకు చెప్పుకోవాలి తప్ప, మీరు రెండోదాన్ని ఉల్లంఘించడానికి అది కారణం కాదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షను, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షను లాగానే, తగిన కారణం లేకుండా కట్టని ప్రతి నెల బకాయికి నెల వరకు జైలు విధించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇస్తుంది. ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్‌లోది, మనం ఒడిశాలో ఉన్నాం కదా అనే ధీమా మన సరిహద్దు ఊళ్లలో తరచుగా వింటుంటాను. కట్టవలసిన మనిషి ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేటు ద్వారా ఆ ఉత్తర్వును అమలు చేయించవచ్చని అదే చట్టంలోని 147వ సెక్షను చెబుతోంది. ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా కూడా మీ అంతట మీరు తగ్గించి కట్టకూడదు. మారిన పరిస్థితిని చూపించి మొత్తాన్ని సవరించమని కోర్టునే అడగాలి.

ఇక బంధువులు చెప్పిన మాట. డబ్బు ఆగిన నెల ఆ ఇంట్లో పాప ఏమి వింటుందో ఒక్కసారి ఆలోచించండి. ఇప్పటి వరకు మీ మీద చెప్పిన మాటలు నిజమో కాదో తెలియని అమ్మాయికి, బడి ఫీజు కట్టలేని ఆ నెలలో అవి నిజమని తేలిపోతాయి. నాన్నకు నేను అక్కరలేదు అనే మాటకు రుజువును మీ చేతులతో మీరే అందించినట్లవుతుంది.

డబ్బు పాపకు చేరుతోందో లేదో అనే అనుమానంతో నేరుగా బడికే ఫీజు కట్టి, ఆ మేరకు మనోవర్తి తగ్గించే తండ్రులు ఉన్నారు. ఉత్తర్వులో ఆ వెసులుబాటు లేనప్పుడు అలా కట్టినదంతా మనోవర్తి కిందకు వస్తుందన్న హామీ లేదు, మిగిలినది బకాయిగా లెక్కకట్టవచ్చు. ప్రతి నెలా ఒకే తేదీన, బ్యాంకు ద్వారా మాత్రమే, పాప పేరు, ఏ నెలకు అన్నది వివరాల గడిలో రాసి పంపండి. చేతికి నగదు ఇవ్వవద్దు. ఈ మొత్తానికి మీ ఆదాయపు పన్నులో మినహాయింపు ఉండదు కనుక దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

తల్లి గార్డియనుగా తెరిచిన ఖాతా చెల్లుతుంది. ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ వివాదం మొదలైనది కూడా డబ్బు దగ్గరే. మైనరు కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్ల కోసం తల్లి గార్డియనుగా సంతకం చేసిన దరఖాస్తును, తండ్రి సంతకం కావాలంటూ తిప్పి పంపారు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956లో తండ్రి తరువాత తల్లి అని ఉన్నచోట, తండ్రి మరణించిన తరువాతే అని కాకుండా, పిల్లల బాగోగులు చూసే స్థితిలో తండ్రి లేనప్పుడు కూడా అని అర్థం చేసుకోవాలని కోర్టు తేల్చింది. పాప రోజువారీ అవసరాలు చూసేది తల్లి కాబట్టి ఆ ఖాతా గురించి గొడవ పడవద్దు. మీరు పంపే డబ్బు పాప పేరున్న ఖాతాలో జమ కావడం మీకూ మంచిదే.

సుకన్య ఖాతాను మీరు మూయాలనుకున్నా కుదరదు. ఖాతాదారు మరణం, ప్రాణాంతక వ్యాధి, గార్డియను మరణం వంటి సందర్భాలలో తప్ప నిబంధనలు అందుకు ఒప్పుకోవు, తల్లిదండ్రుల మధ్య తగాదా ఆ కోవలోకి రాదు. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టకపోతే 50 రూపాయల జరిమానా పడుతుంది. పాపకు మూడేళ్లప్పుడు తెరిచి ఉంటే, 15 ఏళ్ల గడువు లెక్కన ఇంకా 7 ఏళ్లు కట్టాలి. నెలకు 2,000 చొప్పున అది 1,68,000. 2024 జనవరి నుంచి ఉన్న 8.2 శాతం వడ్డీయే కొనసాగితే, ఇకపై కట్టే ఈ డబ్బు ఒక్కటే ఖాతా తెరిచిన 21 ఏళ్లకు సుమారు 3 లక్షల 60 వేలు అవుతుంది, ఆ వడ్డీకి పన్ను లేదు. అంతకన్నా ముఖ్యమైనది, పాపకు 18 నిండగానే ఆ ఖాతా ఆమె చేతికి వస్తుంది. మీతో మాట్లాడని ఈ ఏళ్లలో కూడా నెల తప్పకుండా పడిన 2,000 జమలు ఆ పాస్‌బుక్‌లో తేదీలతో సహా ఉంటాయి. ఎవరు ఏం చెప్పినా వాటిని చెరపలేరు. ప్రతి ఏప్రిల్‌లో ఆ పేజీల నకలును రిజిస్టరు పోస్టులో తల్లికి పంపి, రసీదు దాచుకోండి.

పాప పేరున కొత్తగా ఎఫ్‌డీలు మాత్రం వేయకండి. తల్లిదండ్రుల వివాహ బంధం లేనప్పుడు మైనరు పేరున వచ్చే వడ్డీని బిడ్డను పోషిస్తున్నవారి ఆదాయంలో కలుపుతారు, అంటే మీరు వేసిన డిపాజిట్ మీద పన్ను లెక్క తల్లి మీద పడి మరో తగాదా పుట్టవచ్చు. పాప చదువుకు అదనంగా దాచదలచుకుంటే మీ పేరునే దాచండి.

కేసు సంగతి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890లోని 9వ సెక్షను ప్రకారం, బిడ్డ మామూలుగా నివసించే చోటు ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే పిటిషను వేయాలి. రాయగడలో వేస్తే మొదటి అభ్యంతరం అదే అవుతుంది, ఆ అభ్యంతరం తేలేలోపు మీ లక్షన్నరలో మంచి భాగం వాయిదాలకే పోతుంది. పైగా 11 ఏళ్ల పిల్ల తన ఇష్టం చెప్పగల వయసులో ఉంది, జడ్జి ఆమెను అడుగుతారు. ఏడాదిగా మిమ్మల్ని చూడని పాప నాన్న దగ్గరకు వెళతానని చెబుతుందని ఆశించి బంగారం తాకట్టు పెట్టమని నేను చెప్పలేను.

తల్లి మనసు విరిచేసిందన్న మీ నమ్మకాన్ని కొట్టిపారేయడం లేదు. ఒకరి దగ్గరే ఉండిపోయిన బిడ్డ రెండో వారికి దూరమయ్యే తీరును సుప్రీంకోర్టు 2017లో వివేక్ సింగ్ కేసులో గుర్తించింది. అక్కడ పాప తండ్రి దగ్గర ఉండగా, తల్లికి అప్పగించమని చెప్పింది. అదే కోర్టు 2024లో కల్నల్ రమ్నీష్ పాల్ సింగ్ కేసులో, ఫలానా సంఘటనలు అని చూపకుండా తల్లినో తండ్రినో పిల్లలను దూరం చేసినవారిగా ముద్ర వేయడానికి కోర్టులు తొందరపడకూడదని హెచ్చరించింది. నమ్మకం ఎంత బలమైనదైనా, కోర్టు అడిగేది సంఘటనలే. తిరిగి వచ్చిన పార్సిలు మీది తపాలా ముద్రను చింపకండి. ప్రతి రెండో ఆదివారం వెళ్లిన రైలు టికెట్టును, ఎన్ని గంటల వరకు వేచి ఉన్నారో రాసుకున్న పుస్తకాన్ని జాగ్రత్త చేయండి. మీరు ఏదో ఒక నెల వెళ్లడం మానేసి ఉంటే అదీ నిజాయితీగా రాయండి. విడాకులకు ముందు ఇంట్లో చూసినవి, విన్నవి కూడా పాప మనసులో ఉండి ఉండవచ్చని ఒప్పుకోవడం కష్టమైనా, కౌన్సెలర్ ముందు కూర్చునే రోజుకు అది మీకు ఉపయోగపడుతుంది.

కాబట్టి పూర్తి సంరక్షణ కోసం కాకుండా, చూసే ఉత్తర్వును అమలు చేయించి మెరుగుపరచమని పార్వతీపురంలోనే అడగండి. నేరుగా కలవలేని రోజులలో వీడియో కాల్‌లో మాట్లాడే అవకాశం ఉండాలని 2020లో యశితా సాహు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. వారానికి రెండు కాల్‌లు, కౌన్సెలర్ సమక్షంలో మొదటి కొన్ని కలయికలు, సెలవులలో కొన్ని రోజులు అడగండి. ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఒకటి ఉంది. మీ మిల్లు సెలవులు ఒడియావారి రజ పండుగ, రథయాత్రలను బట్టి ఉంటే, పాప సెలవులు ఆంధ్రప్రదేశ్ బడి క్యాలెండరు ప్రకారం దసరాకు, సంక్రాంతికి వస్తాయి. రాసుకునే కాగితంలో పాప బడి సెలవులనే పెట్టించుకుని, మీ సెలవును ముందే మిల్లులో సర్దుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి ముందు ప్రయత్నిస్తే ఖర్చూ తగ్గుతుంది, మాటల పదునూ తగ్గుతుంది.

దీనికి డబ్బు ఎంత పెట్టవచ్చో మీ లెక్కల్లోనే ఉంది. మనోవర్తి 12,000, సుకన్య 2,000, ఇంటి అప్పు ఈఎమ్ఐ 9,000, మీకూ అమ్మగారికీ ఇంటి ఖర్చు 14,000 అనుకుంటే నెలకు 37,000. ఆరు నెలల అత్యవసర నిధికి 2,22,000 పక్కన పెట్టాలి, జీతం ఆగినా మనోవర్తి ఆగదు కనుక ఈ నిధి మామూలు ఉద్యోగి కన్నా మీకు ఎక్కువ అవసరం. ఎఫ్‌డీలో మిగిలే 78,000 మీ కోర్టు ఖర్చుకు హద్దు. అమ్మగారి బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

నెలకు మిగిలే 9,000లో 2,000 పాపను చూడడానికి వేరే ఖాతాలో వేయండి. రాయగడ నుంచి పార్వతీపురానికి రైలు టికెట్టు పెద్ద ఖర్చు కాదు, కానీ పోగొట్టుకునే పని దినం, భోజనం, పాపతో ఎక్కడైనా కూర్చోవడానికి అయ్యే ఖర్చు కలిస్తే అంత అవుతుంది. పాప రాని నెలలో కూడా వెళ్లండి, ఆ డబ్బును వేరే పనికి వాడకండి. ఖరీదైన బట్టలు, ఫోను కొని ఇవ్వడం ఇప్పుడే వద్దు. దూరమైన పిల్ల వాటిని లంచంలా చూడవచ్చు, ఇంట్లో ఎవరైనా ఆ మాట అనవచ్చు కూడా.

మీరు అడగని విషయం ఒకటి, ఇది ఈ నెలలోనే చేయవలసినది. మీకు టర్మ్ జీవిత బీమా పాలసీ ఉంటే నామినీ పేరు చూడండి. విడాకులైన తరువాత కూడా పాత పేరే ఉండిపోయిన పాలసీలు నేను చాలా చూశాను, ఎందుకంటే విడాకుల డిక్రీతో బీమా కాగితంలో పేరు దానంతట అది మారదు. నామినీగా పాపను పెట్టండి. మైనరు కనుక అపాయింటీగా, అంటే పాప తరఫున డబ్బు అందుకునే మనిషిగా, ఒక పెద్దవారి పేరు రాయాలి, ఆ గడిని ఖాళీగా వదలవద్దు. అక్కడ తల్లి పేరు రాయమని చెబితే మీకు చేదుగా ఉంటుందని తెలుసు. మీరు లేని రోజున పాపకు అన్నం పెట్టి బడికి పంపేది ఆమే కాబట్టి నా సలహా మాత్రం అదే. అంత మొత్తం ఒకేసారి వారి చేతిలో పడడం మీకు నచ్చకపోతే, పరిహారాన్ని నెలవారీగా చెల్లించే ఏర్పాటు కొన్ని కంపెనీల పాలసీలలో ఉంటుంది. మీ పాలసీలో అది ఉందో లేదో శాఖలో అడిగి, నామినీ మార్పు ఫారంతో పాటే రాసిచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి.