ఖాళీ చేతుల పిల్లలే కొట్టుకుంటారు

చి.సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

అంగన్‌వాడీకి ఇరవై ఇద్దరు పిల్లలు వస్తున్నారనీ, బొమ్మల బుట్ట బయటపెట్టిన పది నిమిషాలకే జుట్లు పట్టుకుంటున్నారనీ రాశావు. అది పిల్లల తప్పు కాదు. నీ ఓపికలో లోపమూ కాదు. అమరికలో తేడా. మూడేళ్ల పిల్లకి ‘నీ వంతు తర్వాత’ అంటే ‘నీకు లేదు’ అనే వినిపిస్తుంది. చేతిలో ఏమీ లేకుండా నాలుగు నిమిషాలు కూర్చోబెడితే పక్కవాడి జుట్టే ఆటవస్తువవుతుంది. కాబట్టి ఏ ఆట మొదలుపెట్టినా, ఏ షికారుకి బయలుదేరినా ముందు ఒక్క లెక్క చూసుకో: ఈ పని జరుగుతున్నంతసేపూ ఎంతమంది చేతులు ఖాళీగా ఉంటాయి?

ఉన్నది ఒకటే గది కదా. నాలుగు చాపలు నాలుగు మూలలా పరిచెయ్యి. ఒక చాప మీద వంటింటి సామాను, ఒకదాని మీద చెక్క దిమ్మలు, ఒకదాని మీద బొమ్మల పుస్తకాలు, నాలుగోది ఆ రోజు చేతిపనికి. చాపకి అయిదారుగురు మించకూడదు. ఆ మాట నోటితో చెబితే ఎవరూ వినరు. చాప పక్కన అయిదారు కొబ్బరి చిప్పలు బోర్లించు. ఆడుకోవాలనుకున్న పిల్ల ఒక చిప్ప తీసి బుట్టలో వేసి కూర్చుంటుంది. చిప్పలు అయిపోతే ఆ చాప నిండినట్టే. వారంలో వాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటారు.

బొమ్మలన్నీ ఒకేసారి బయటపెట్టకు. మూడోవంతు చాలు. మిగతావి గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టి, సోమవారం సోమవారం మార్చు. పదిరకాల బొమ్మలు ఒక్కొక్కటి ఉండటం కన్నా, మూడు రకాలు నాలుగేసి చొప్పున ఉండటం మేలు. ఒకే ఎర్ర లారీ ఉన్న చోట గొడవ తప్పదు. నాలుగు ఖాళీ అగ్గిపెట్టెలకి దారాలు కట్టి ఇచ్చిన చోట రైలు తయారవుతుంది.

వంటింటి చాపకి డబ్బులుంటే ఏటికొప్పాక లక్కపిడతలు కొను. అంకుడు కర్రతో చేస్తారు, అంచులు నున్నగా ఉంటాయి, గీసుకోవు. వాటిని నీళ్లలో నానబెట్టకు, ఎండలో ఆరబెట్టకు. లక్క వేడికి మెత్తబడి అంటుకుంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కొండపల్లి బొమ్మలు మాత్రం ఈ పనికి రావు. పొణికి కర్ర తేలిక, చేతులూ తలలూ అతికించినవి, పిల్లల చేతిలో పూట నిలవవు. గూట్లో పెట్టి కథ చెప్పడానికి బాగుంటాయి. డబ్బుల్లేకపోతే కొబ్బరి చిప్పలు, సత్తుగిన్నెలు, పాత గరిటెలు. పిల్లలకి ఇవే ఎక్కువ ఇష్టం కూడా, అమ్మ చేతిలో చూసినవి కదా.

ముంజలు తినేసిన తాటికాయలు దొరికే రోజుల్లో తాటికాయ బండి కట్టించు. రెండు కాయల మధ్య జానెడు పుల్ల, ఆ పుల్ల మీద పంగలకర్ర, అంతే. పంగలకర్ర పై కొన మొనగా ఉంటే తోసేటప్పుడు పక్కవాడి కంటికి తగులుతుంది. గుడ్డ చుట్టి గట్టిగా కట్టు. పచ్చి కాయలు నాలుగైదు రోజులకి కుళ్లి ఈగలు ముసురుతాయి, అప్పుడు మొహమాటపడకుండా పారెయ్యి.

అందరూ కలిసి ఆడే ఆటల్లో కాళ్ళాగజ్జా లాంటిది లేదు. కాళ్లు చాపుకుని వరసగా కూర్చుంటే, మాటకొక కాలు ముట్టుకుంటూ పోవడం. ఒక మాటకి ఒక కాలు, ఒక అంకెకి ఒక వస్తువు. లెక్క నేర్పే పద్ధతి ఇదే, ఏ అట్టముక్కలూ అక్కర్లేదు. కానీ ఇరవైమందితో ఒకటే వరస పెడితే చివరి పిల్ల దాకా వచ్చేసరికి మొదటి పిల్ల లేచిపోతుంది. ఏడెనిమిది మందితో ఆడు. ఆయమ్మకి ఇంకో వరస అప్పగించు. వీరీ వీరీ గుమ్మడిపండు నాలుగేళ్లు దాటినవాళ్లకి బాగుంటుంది. చిన్నవాళ్లు కళ్లు మూస్తే భయపడతారు. బలవంతం చెయ్యకు, దాక్కునే పక్షంలో వెయ్యి.

ఇక చేతిపని. ఉప్పుముద్ద నుంచి మొదలుపెట్టు. రెండు గ్లాసుల మైదా, గ్లాసు మెత్తటి ఉప్పు, రెండు చెంచాల నూనె, ముప్పావు గ్లాసు గోరువెచ్చని నీళ్లు. ఉప్పూ పిండీ ముందు పొడిగా కలిపి, నూనె వేసి, నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా పిసుకు. కమలాపండంత ముద్దలు ఆరు వస్తాయి, ఒక చాపకి సరిపోతుంది. రాళ్ల ఉప్పయితే ముందు ఆ నీళ్లలోనే కరిగించు, లేకపోతే పలుకులు చేతికి గుచ్చుకుంటాయి. ఎర్రకి బీట్‌రూట్ రసం, పచ్చకి పాలకూర రసం నీళ్ల బదులు పోయొచ్చు. పసుపు వేస్తే గౌనుల మీద మరకలు పోవు, తల్లులు నిన్ను తిడతారు.

ముద్ద పగులుతుంటే నీళ్లు పొయ్యకు, అర చెంచా నూనె రాసి పిసుకు. చేతికి అంటుకుంటుంటే పొడి పిండి అద్దు. ముసురు పట్టిన రోజుల్లో ఉప్పు గాలిలో చెమ్మ పీల్చి ముద్ద దానంతటదే జారుతుంది, ఆ రోజుల్లో నీళ్లు తగ్గించి కలుపు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వారం ఆగుతుంది. వాసన మారితే పారెయ్యి. చేతి మీద పుండో, గోకిన గాటో ఉన్న పిల్లకి ఉప్పు మండుతుంది. ఆ పిల్లకి ఆ పూట బంకమట్టి ఇవ్వు. ఒకటి గుర్తుంచుకో, దీనికి సెంటర్ సరుకుల్లో చెయ్యి పెట్టకు. స్టాక్ రిజిస్టర్‌లో అర కిలో తేడా వచ్చినా సంజాయిషీ నువ్వే చెప్పుకోవాలి.

బంకమట్టి చెరువుది దొరికితే ఎండబెట్టి, దంచి, జల్లించి, రాత్రి నానబెట్టు. జల్లించకపోతే అందులో గాజుపెంకులూ ముళ్లూ ఉంటాయి. తడిగుడ్డ కప్పి ఉంచితే పది రోజులైనా పనికొస్తుంది. పిల్లలు మొదటివారం పాములు, రెండోవారం ఉండలు, ఆ తర్వాత లడ్డూలు, గిన్నెలు చేస్తారు. నువ్వు వినాయకుణ్ణి చేసి ‘ఇలా చెయ్యండి’ అని చూపించావా, సగంమంది మట్టి వదిలేసి నీ ముఖం చూస్తూ కూర్చుంటారు. రంగుల పనిలోనూ అంతే. నువ్వు మామిడిపండు గీసి ఇరవై కాపీలు తీసి రంగు వెయ్యమంటే అది నీ బొమ్మ. గీతలు దాటిన పిల్ల ఏడుస్తుంది, దాటని పిల్ల రెండు నిమిషాల్లో అయిపోయిందంటుంది.

రంగులు కొనక్కర్లేని ఆట ఒకటుంది, రెండుపూటలు నడుస్తుంది. తెల్ల కాగితం మీద పసుపునీళ్లు పూసి ఆరబెట్టు. పుల్ల కొసకి దూది చుట్టి, స్నానం సబ్బు కరిగించిన నీళ్లలో ముంచి గీయమను. గీసిన చోటల్లా ఎర్రగా తిరుగుతుంది. దానిమీద నిమ్మరసం అద్దితే మళ్లీ పసుపు. రెండోపూట ఎర్ర మందార రేకులు కాగితం మీద రుద్దించు, ఊదారంగు వస్తుంది. నిమ్మరసం తగిలితే గులాబీ. పారాణి గుర్తొచ్చి సున్నం వాడతావేమో, వద్దు, పిల్లల కళ్లకి సున్నం ప్రమాదం.

అచ్చులకి ముదిరిన బెండకాయలు తెచ్చుకో. కూరకి పనికిరావు కాబట్టి ఎవరూ సణగరు, పైగా లేతవాటిలా నలగవు. తొడిమ వైపు రెండంగుళాలు ఉంచి అడ్డంగా కొయ్యి, తొడిమే పిడి. కోసి పది నిమిషాలు ఆరనివ్వు, జిగురు ఉండగా ముంచితే పువ్వు బదులు మరక పడుతుంది. రంగు గట్టి పెరుగులా ఉండాలి, మజ్జిగలా ఉంటే కారుతుంది. పళ్లెంలో పాతగుడ్డ నాలుగు మడతలు వేసి దానిమీద రంగు పోస్తే అచ్చుకి సమంగా అంటుతుంది. పళ్లెం ఒకటే పెడితే మళ్లీ వరస, మళ్లీ ఖాళీ చేతులు. ఇద్దరికొక పళ్లెం పెట్టు.

అంటించడానికి మైదా జిగురు చాలు. రెండు చెంచాల పిండి చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసు నీళ్లు చేర్చి, తెల్లదనం పోయేదాకా సన్నసెగ మీద తిప్పు. పుస్తకాలకి అట్టలు వేసేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. పిల్లల జిగురులో అది విషం. ఏ రోజుకారోజు కాచుకో. మూడేళ్లవాళ్లకి కత్తెర ఇవ్వకు, కాగితం చించనివ్వు. పాత న్యూస్‌పేపర్ ఒక దిక్కున తిన్నగా చిరుగుతుంది, ఇంకో దిక్కున వంకరపోతుంది. ఏ దిక్కో వాళ్లే కనిపెడితే ఆ పూట నువ్వు ఇంకేమీ నేర్పక్కర్లేదు.

తయారైన బొమ్మలు మూడడుగుల ఎత్తులో తాడు కట్టి వేలాడదియ్యి, అది వాళ్ల కళ్లకి అందే ఎత్తు. సూపర్‌వైజర్ కళ్లకి అందే ఎత్తులో కడితే సూపర్‌వైజరే చూస్తారు. వెనకవైపు పేరూ, తేదీ, ఆ పిల్ల తన బొమ్మ గురించి చెప్పిన మాటా రాయి. ‘మా బాబు ఏం నేర్చాడు, అఆలు రాయిస్తున్నారా?’ అని తల్లి అడిగినప్పుడు జూన్‌లో గీసిన గీతా, నవంబర్‌లో గీసిన గుండ్రమూ పక్కపక్కన చూపించు. గుండ్రం మూసుకుంటే ‘అ’ రాసే చెయ్యి తయారవుతున్నట్టు.

షికార్ల సంగతి. మొదటి నెల వీధి చివర వేపచెట్టు దాటి వెళ్లకు. 2024లో అంగన్‌వాడీ పిల్లల కోసం కేంద్రం తెచ్చిన ‘ఆధార్‌శిల’ పాఠ్యక్రమం పట్టికలో కూడా మొదటి నాలుగు వారాలూ పిల్లలు అలవాటు పడటానికే విడిచారు. ఆ తర్వాత పోనుపోను అర కిలోమీటరు దాకా నడిపించొచ్చు. చిన్నవాళ్లకి వెళ్లడం సులువే, తిరిగి రావడమే కష్టం. ముగ్గురు ఎత్తుకోమంటే ఎత్తుకునేవాళ్లెవరో ముందే లెక్క వేసుకో. నువ్వూ ఆయమ్మా కాక ఇద్దరు తల్లులైనా ఉండాలి.

పదిహేనడుగుల నూలుతాడు తీసుకుని, రెండేసి అడుగుల ఎడంలో ఆరు ముళ్లు వెయ్యి. ముడికి ఇద్దరు, అటొకరూ ఇటొకరూ. పన్నెండుమందికి ఒక తాడు, నీకు రెండు తాళ్లు కావాలి. ముందు కొస ఒక పెద్దమనిషి, వెనక కొస ఇంకొకరు. ప్లాస్టిక్ తాడు అరచేతులు కోస్తుంది. మణికట్టుకి ఎప్పుడూ కట్టకు, ఒకరు పడితే అందరూ పడతారు. తాడు పట్టుకుని నడవడం గదిలోనే మూడు రోజులు ఆడించు, రైలాట అను చాలు. తలలు లెక్కపెట్టడం గేటు దగ్గర, చేరిన చోట, బయలుదేరేముందు, మళ్లీ గేటు దగ్గర. లెక్క ఒకరే పెట్టాలి, ఇద్దరు పెడితే ఇద్దరూ రెండోవాళ్ల మీద వదిలేస్తారు. బావి, చెరువుగట్టు, రైలుకట్ట ఉన్న దారి ఎంత దగ్గరైనా వద్దు.

ఎక్కడికి వెళ్లినా ముందురోజు నువ్వు వెళ్లి చూసిరా. కుమ్మరి దగ్గరికైతే సారె తిరిగే వేళ కనుక్కో, కుండలు కాల్చే ఆవం చల్లారిందో లేదో చూడు. ఆయన పావుగంట మాట్లాడితే పిల్లలు కుండలు పగలగొడతారు. ‘మూడు నిమిషాలు చేసి చూపించండి, తర్వాత తలొక మట్టిముద్ద ఇవ్వండి’ అని ముందే బతిమాలుకో. పిండిమరకైతే మర ఆపి ఉండగా లోపల చూపించి, బయటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాక ఆడించమను. ఒక్కసారిగా ఆ మోత వినిపిస్తే సగంమంది ఏడుస్తారు. వెళ్లేముందు ఒక్క పని అప్పగించు: గుండ్రంగా తిరిగేవి ఎన్ని కనిపిస్తాయో చూడటం లాంటిది. రెండు పనులు చెబితే ఒక్కటీ గుర్తుండదు.

ఆకులు ఏరించేటప్పుడు రాలినవే ఏరించు. దారిలో జిల్లేడు ఉంటే ఎడంగా నడిపించు, పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం కాయలు, గురివింద గింజలు సంచిలోకి రానివ్వకు, అన్నీ విషమే. గురివింద ఎర్రగా ముద్దొస్తుంది కాబట్టి ఎవరో ఒకరు జేబులో వేసుకునే ఉంటారు, తిరిగొచ్చాక జేబులు తడిమి చూడు. వయ్యారిభామ కలుపుమొక్క తగిలితే దద్దుర్లు. వానాకాలంలో మునగచెట్టు కింద ఆగకు, గొంగళిపురుగులు.

బయలుదేరేది ఉదయం ఎండ ముదరకముందు, తిరిగి రావడం భోజనానికి అరగంట ముందు. ఆ అరగంటా చాలా విలువైనది. కాళ్లు కడిగి, నీళ్లు తాగించి, చాపల మీద క్రేయాన్లు పెట్టు. చూసింది గీస్తారు. క్రేయాన్లు కొత్తవైనా అంగుళం ముక్కలుగా విరిచి ఇవ్వు. పొడుగ్గా ఉంటే పిడికిట్లో పట్టుకుంటారు, ముక్క అయితే వేళ్లతో పట్టుకోక తప్పదు. అందరికీ తలో నాలుగు ముక్కలు వస్తాయి కూడా.

ప్రేమతో,
పెద్దమ్మ

మరిచాను. చింతపిక్కలు, శనగలు, బఠాణీలు లెక్కలకి వాడుతున్నానన్నావు. ఆడేముందూ తర్వాతా లెక్కపెట్టి డబ్బాలో వెయ్యి. ఒకటి తక్కువైతే ముక్కులూ చెవులూ చూడు. లోపల ఇరుక్కుంటే పిన్నుతో, పుల్లతో తియ్యబోకు, ఇంకా లోపలికి పోతుంది. నీళ్లు పొయ్యకు, గింజ ఉబ్బుతుంది. తల్లికి కబురు పెట్టి తిన్నగా డాక్టర్ దగ్గరికి పంపించు. మూడేళ్లు నిండని చెల్లెళ్లూ తమ్ముళ్లూ అక్క వెంట వచ్చి కూర్చునే రోజున గింజల డబ్బా అసలు తియ్యకు.